అడ్డంగా పెట్టిన పుల్ల

హెడ్డాఫీసు, మూడో అంతస్తు,
కిటికీ లేని గది

మరదలు పిల్లకి,

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరాల సరదా ఏమిటని మూతి తిప్పుతావని తెలుసు. ఫోన్లో మాట్లాడితే మీ అన్నయ్య పక్కనే పేపరు చదువుతున్నట్టు కూర్చుని అన్నీ వింటాడు. అయ్యాక ఎవరేమన్నారో మొదట్నుంచీ మళ్ళీ చెప్పించుకుంటాడు. అదీగాక మీ రంగు గదిలోకి ఫోన్లు రానివ్వరు, మీ క్వార్టర్స్‌లో సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. కాబట్టి ఉత్తరమే.

నీ కంపెనీలోనే నేనూ చేరి ఆర్నెల్లు కావస్తోంది. నువ్వు ఫ్యాక్టరీలో పెయింట్లకి రంగులు కలుపుతావు, నేనిక్కడ ఉద్యోగుల బాగోగులు చూసే విభాగంలో కూర్చుంటాను. ఆ బాగోగులేమిటో నాకింకా అంతుపట్టలేదు. అర్థమైందల్లా మా అంతస్తులో మనుషులు నిలవరని. నా ఎదురు కుర్చీలో ఇప్పటికి ముగ్గురు మారారు. మూడో అమ్మాయి ముఖం గుర్తుపట్టడం మొదలుపెట్టేసరికి ఆమె వీడ్కోలు కేకు తింటున్నాం.

మొన్న మీటింగులో మా మేడమ్ అంది: "కంపెనీ మొత్తంమీద జనం వెళ్ళిపోతున్నారు. ఒక్క రంగు గదిలోంచి మాత్రం ఏళ్ళ తరబడి ఎవరూ కదల్లేదు. వాళ్ళకేం ఎక్కువ జీతాలివ్వడం లేదు. మరి ఎందుకుంటున్నారో ఎవరైనా కనుక్కోగలరా?" అందరూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. నేను చెయ్యెత్తి, ఆ గదిలో మా ఆడపడుచు పనిచేస్తుందని గొప్పగా చెప్పేశాను.

ఇక నా పరువు నీ చేతిలో పెట్టాను. ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ వచ్చే నెల తేలుస్తారు. మీరంతా ఆ గదిని పట్టుకుని ఎందుకు వేళ్ళాడుతున్నారో చెప్పు. ఇన్‌ఛార్జి ముందు అప్పజెప్పే పాఠం నాకొద్దు. పెరటి గుమ్మంలో కూర్చుని నాకు చెప్పినట్టు చెప్పు. పుట్టింటి మీద నువ్వు చేసే పెత్తనమంతా సహించాను కదా, ఒక్కసారైనా నాకు పనికిరా.

నీ వదిన


క్వార్టర్స్, వంటింటి గట్టు దగ్గర

వదినా,

పెత్తనం చేసేదెవరో అన్నయ్యని అడుగుదాం, నిజం చెప్పే ధైర్యం ఉంటే చెప్తాడు.

నువ్వడిగింది రెండు రోజులు ఆలోచించాను. ఎందుకు వెళ్ళలేదని అడిగితే చటుక్కున ఏమీ తోచదు. ఇల్లు వదిలి ఎందుకు పారిపోలేదని అడిగినట్టుంది.

మేం ఐదుగురం. కొనేవాళ్ళు తలుపు చెక్కో, గుడ్డ పీలికో పంపి సరిగ్గా ఇదే రంగు కావాలంటారు. అది కలిపి పెట్టడం మా పని. చిక్కేమిటంటే, ఒకే రంగుని అదేపనిగా చూస్తే కన్ను అలిసిపోయి మోసం చేస్తుంది. తేడా ఉన్నా కనబడదు, లేనిచోట కనబడుతుంది. అలాంటప్పుడు మేం కలిపే పుల్లని డబ్బా మూతి మీద అడ్డంగా పెడతాం. నోరు విప్పి ఏమీ అడగం. ఎవరికి వీలైతే వాళ్ళు లేచి, ఆ డబ్బాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, కావలసింది ఓ చుక్క వేసి, పుల్ల తీసి పక్కన పెట్టి పోతారు. ఎవరు చూశారని అడగకూడదు. థాంక్స్ చెప్పకూడదు. చేరిన కొత్తలో నేను చెప్పాను. పక్క బల్ల పొడుగమ్మాయి, "అంత మర్యాద ఉన్నదానివైతే రేపట్నుంచి నీ డబ్బా నువ్వే చూసుకో" అంది.

ఈ పొడుగమ్మాయిని పోయినేడు వేరే ఫ్యాక్టరీ వాళ్ళు ఎక్కువ జీతమిస్తాం రమ్మన్నారు. ఒకపూట వెళ్ళి చూసొచ్చి, "పరీక్ష హాల్లోలాగా అందరూ ఎవరి డబ్బాకి వాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారే" అని మళ్ళీ తన బల్ల దగ్గరే చతికిలబడింది.

ఇంతవరకూ మీ మేడమ్‌కి చెప్పుకో. కింద రాసేది మాత్రం నీకే.

మాలో పెద్దవాడు నీలం బాబాయి. నీలాలన్నీ ఏళ్ళ తరబడి ఆయన చేతిమీదే వెళ్ళాయి, అందుకే ఆ పేరు. ఇప్పుడాయనకి నీలం కనిపించదు. నీలాలన్నీ బూడిదగానే కనిపిస్తాయి. కంటి నరం ఎండిపోతోందనీ మందులకి లొంగేది కాదనీ డాక్టరు చెప్పాడట. మాకు ఆయన నోటితో చెప్పలేదు. ఒకరోజు చూస్తే ఆయన బల్లమీది నీలం డబ్బాలన్నిటి మీదా పుల్లలు అడ్డంగా ఉన్నాయి. మేం చూసిపెట్టాం. మర్నాడూ అంతే. అప్పట్నుంచీ నీలాలు ఆయన కలుపుతాడు, మాలో ఒకరు సరిచూస్తారు. మిగతా రంగులు ఆయన కంటికి బాగానే ఆనుతున్నాయి. ఏడాదికోసారి జరిగే కళ్ళ పరీక్ష గోడమీది అక్షరాలు చదివించడంతో సరి, కాబట్టి గండం గడుస్తోంది.

ఆయనకి సర్వీసు ఇంకో ఏడాది పైచిలుకు ఉంది. అది నిండితే పూర్తి పెన్షన్‌తో మర్యాదగా దిగిపోతాడు. ఈలోగా కంపెనీకి తెలిసిందంటే అనర్హుడని తీసేస్తారు, క్వార్టర్ ఖాళీ చెయ్యమంటారు. ఆయనకీ పిన్నికీ వేరే ఇల్లు లేదు.

నేనెందుకు వెళ్ళలేదని అడిగావు. రేపు నా కన్ను పోయినా నా డబ్బా ఎవరో ఒకరు చూస్తారు, అందుకు. ఈ మాట కడుపులో పెట్టుకో వదినా. అన్నయ్యకి కూడా చెప్పకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

నీ ఆడపడుచు


హెడ్డాఫీసు, మూడో అంతస్తు

అమ్మాయ్,

నీ ఉత్తరం భోజనాల వేళ మెట్లమీద కూర్చుని చదివి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదివాను. పక్కసీటు ఆయన జలుబు మాత్రలు కావాలా అని అడిగాడు.

నా ఉద్యోగ జీవితంలో పక్కవాడు నా డబ్బా చూసిపెట్టడం మాట దేవుడెరుగు, మూత పెట్టడం మరిచిపోతే కాలితో తన్నేసి పోయేవాళ్ళే దొరికారు. మీ అదృష్టానికి నాకు కుళ్ళుగా ఉంది.

బాబాయి సంగతి నా దగ్గరే ఉంటుంది. నీకు ఒట్టు వెయ్యాలా? మీ అన్నయ్య మీద వేస్తాను, ఆయన మీద ఎన్ని వేసినా ఏమీ కాదు.

ఊరికే ఒకటి అడుగుతాను, తప్పుపట్టకు. ఎప్పుడైనా తప్పు నీలం బయటికి వెళ్ళిందా? వెళ్తే ఎవరి మెడకి చుట్టుకుంటుంది?

నీ వదిన


క్వార్టర్స్

వదినా,

ఒక్కటీ వెళ్ళలేదు. ఎలా వెళ్తుంది? మిగతా రంగుల్ని ఒక జత కళ్ళే చూస్తాయి, బాబాయి నీలాల్ని మాత్రం రెండు జతలు చూస్తాయి. పోయినేడు మా గదిమీద ఒక్క ఫిర్యాదు వచ్చింది, అదీ నేను చెడగొట్టిన పసుపుకి. ఆరోజు పొగరెక్కి పుల్ల అడ్డం పెట్టలేదు. మెడకి చుట్టుకోవడమంటావా, నాకు తిట్లు పడ్డాయి, తర్వాత పొడుగమ్మాయి నాకు టీ పోయించింది.

నువ్వేమిటి ఇన్‌ఛార్జిలా అడుగుతున్నావు? కుర్చీ మహిమ అంటుకుంటున్నట్టుంది. వచ్చినప్పుడు నిన్ను గుమ్మంలోనే ఆపి బూట్లు విప్పించి లోపలికి రానిస్తాను.

నీ ఆడపడుచు


హెడ్డాఫీసు, నాలుగో అంతస్తు,
కిటికీ పక్క సీటు

మరదలు పిల్లకి,

పైన రాసింది చూశావా, కిటికీ పక్క సీటు. ఉద్యోగం ఖాయమైంది. ఖాయం చెయ్యడమే కాదు, ఒక అంతస్తు ఎక్కించారు కూడా. మీ అన్నయ్య వీధిలో అందరికీ చెప్పొచ్చాడు. కూరలమ్మే ఆవిడ నన్ను మేడమ్ అంటోంది.

మేడమ్ మీ గది గురించి చాలాసేపు అడిగింది. పైపైన చెప్పాను. పుల్లల సంగతి వినగానే ఆమె కళ్ళు మెరిశాయి. "మన కంపెనీ విలువలంటే ఇవే" అంది. గోడలకి కొత్త బోర్డులు కూడా రాయిస్తోంది, మనసు విప్పి మాట్లాడుకుందాం అని. నువ్వు చెప్పినవాటితో మీ గదికి మంచే జరుగుతుందని నా నమ్మకం.

పని ఎక్కువగా ఉంది, చిన్నగా రాస్తున్నానని ఏమీ అనుకోకు.

నీ వదిన


క్వార్టర్స్, చీకటి పడకముందే

వదినా,

నీ ఉద్యోగం సంగతికి సంతోషించే తీరిక కూడా లేకపోయింది. ముందు శుభాకాంక్షలు తీసుకో.

సోమవారం పొద్దున చెప్పాపెట్టకుండా కళ్ళ డాక్టరు దిగాడు. ఏటా చేసే పరీక్షేనని ఇన్‌ఛార్జి అన్నాడు. ఏటా అక్షరాలు చదివిస్తారు. ఈసారి రంగు బిళ్ళల పెట్టె తెచ్చాడు. మా నలుగురి చేతా నాలుగు రకాలు పేర్పించాడు. బాబాయి ముందు నీలం బిళ్ళలు మాత్రమే పోసి, లేతనుంచి ముదురు వరకూ వరసలో పెట్టమన్నాడు.

బాబాయి కాసేపు ఆ బిళ్ళల్ని చూస్తూ కూర్చున్నాడు. మేం లేచి ఆయన దగ్గరికి వెళ్ళబోతే ఇన్‌ఛార్జి కూర్చోమన్నాడు. బాబాయి ఒక్క బిళ్ళని కూడా ముట్టుకోలేదు. "ఎందుకు బాబూ, నీకు కావలసింది రాసుకో" అని లేచిపోయాడు. ఆ సాయంత్రమే పనికి అనర్హుడని చెప్పేశారు. నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి.

అంతటితో ఆగలేదు. గోడకి పెద్ద పలక కట్టారు. ఎవరి రంగు మొదటిసారే సరిపోయిందో, ఎవరిది సరిపోలేదో ఎవరికి వాళ్ళకి విడివిడిగా మార్కులు. ఒకరి డబ్బా ఒకరు ముట్టుకుంటే ఇద్దరికీ కోత. ఇప్పుడు మా గదిలో ఒక్క పుల్లా అడ్డంగా ఉండటం లేదు. పొడుగమ్మాయి కళ్ళు నులుముకుంటూ కూర్చుంటుంది, నేను తలెత్తకుండా నా డబ్బా కలుపుకుంటాను.

వదినా, ఊరికే అడుగుతున్నాను. నువ్వేమీ చెప్పలేదు కదా? నీలం బిళ్ళలే ఎందుకు తెచ్చాడో నాకు మింగుడు పడటం లేదు. లేదని ఒక్క ముక్క రాయి, హాయిగా నిద్రపోతాను.

నీ ఆడపడుచు


హెడ్డాఫీసు, నాలుగో అంతస్తు

అమ్మాయ్,

లేదు. నేనెందుకు చెప్తాను? అన్ని ఫ్యాక్టరీల్లోనూ పరీక్షలు జరుగుతున్నాయి, మీ గదే కాదు. డాక్టర్లకి వాళ్ళ పద్ధతులుంటాయి. నువ్వు అనవసరంగా ఆలోచించి ఆరోగ్యం పాడుచేసుకోకు. పెద్దాయన విషయం విని నాకూ బాధేసింది. ఆ కళ్ళతో ఆ పని ఇంకా ఎన్నాళ్ళు చేస్తాడు చెప్పు.

ఇప్పుడో మంచి మాట. వచ్చే శుక్రవారం మేడమ్ మీ ఫ్యాక్టరీకి వస్తోంది, క్యాంటీన్ హాల్లో సభ ఉంటుంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చో. ఎందుకని అడగకు. నీకు నేనిస్తున్న బహుమతి అనుకో. నా ఉద్యోగం నిలబడటానికి కారణం నువ్వే, ఆ మాట నేను మరిచిపోను.

నీ వదిన


క్యాంటీన్ హాలు, అందరూ వెళ్ళిపోయాక

వదినగారికి,

మీరు చెప్పినట్టే ఇస్త్రీ బట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను.

మీ మేడమ్ నన్ను వేదికమీదికి పిలిచింది. భుజమ్మీద చెయ్యేసి, అద్దాల పెట్టెలో ఒక జ్ఞాపిక చేతిలో పెట్టింది. దానిమీద "మనసు విప్పిన ఉద్యోగి" అని రాసుంది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నీలం బాబాయి. గేటు కార్డు తిరిగి ఇచ్చేయడానికి వచ్చి, నాకేదో బహుమతి ఇస్తున్నారని ఎవరో చెబితే చూసిపోదామని వెనక వరసలో కూర్చున్నాడట. ఆయన కొట్టాకే మా గదివాళ్ళు కొట్టారు.

తర్వాత మేడమ్ మైకులో మాట్లాడింది. నేను రాసిన మాటలు నాకే వినిపించాయి. పుల్ల అడ్డంగా పెట్టడం, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళడం, థాంక్స్ చెప్పకూడదనడం. పరీక్ష హాలు మాట కూడా చెప్పి నవ్వించింది. ఆ తర్వాత అంది: "ఈ మంచి అలవాటు మాటున ఒక పెద్ద లోపం ఏళ్ళుగా దాగి ఉంది. అందరూ దాచారు. ఈ అమ్మాయి ఒక్కతే ధైర్యంగా నోరు విప్పింది. హెడ్డాఫీసులో ఉన్న తన వదినని నమ్మి చెప్పింది. ఇలాంటివాళ్ళు మన కంపెనీకి కావాలి."

ఫోటోగ్రాఫరు నవ్వమన్నాడు. కిందకి చూస్తే పొడుగమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని నాకేసి చూస్తోంది. తిట్టినా బాగుండేది. బాబాయి లేచి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, బయటికెళ్ళిపోయాడు.

లేదని రాశారు. ఒక్క ముక్క రాయమంటే అదే ముక్క రాశారు. నేను నమ్మి హాయిగా నిద్రపోయాను కూడా. ఆయన గొంతు కోసి, ఆ కత్తి నా చేతిలో పెట్టి ఫోటో తీయించారు. దానికి బహుమతి అని పేరు పెట్టారు.

మీకేం తక్కువ చేశాను వదినగారూ? మీరు ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అమ్మకి చెప్పనివి మీకు చెప్పాను.

(సంతకం అక్కర్లేదనుకుంటాను.)


ఇల్లు, మీ అన్నయ్య బయటికెళ్ళాక

అమ్మాయ్,

మీరు అని రాశావు. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను, మిగతాది తర్వాత చదివాను.

దాచి లాభం లేదు, చెప్తాను. ఆరోజు మేడమ్ నన్ను పిలిచింది నా ఉద్యోగం ఖాయం చెయ్యడం లేదని చెప్పడానికి. "ఆరు నెలల్లో మీ వల్ల మాకు కొత్తగా తెలిసిందేముంది?" అంది. నా చేతిలో ఏముంది? నీ ఉత్తరం ఉంది. మొదట పుల్లల సంగతే చెప్పాను. ఆమె వింటోంది, నచ్చుతోంది, ఇంకా అంటోంది. ఇంకా చెప్పాను. పేరు చెప్పలేదు. ఒక పెద్దాయన అన్నాను. ఐదుగురున్న గదిలో పెద్దాయన ఒక్కడే ఉంటాడని నాకు తోచలేదు. తోచిందేమో కూడా. నాకు అప్పుడు ఆ కుర్చీ తప్ప ఏమీ కనిపించలేదు.

మీ అన్నయ్య షాపు మూతపడి నాలుగు నెలలైంది. నీకు తెలియదు, చెప్పొద్దన్నాడు. రోజూ పొద్దున తయారై షాపుకని వెళ్ళి ఎక్కడెక్కడో తిరిగొస్తున్నాడు. నా జీతంతో ఇల్లు నడుస్తోంది. ఆరోజు నా ఉద్యోగం ఊడబోయిందనిగానీ, దాన్ని ఏం చేసి నిలబెట్టుకున్నాననిగానీ ఆయనకి తెలియదు. తెలిస్తే నా మొహం చూడడు. దయచేసి చెప్పకు.

నీ కోపం న్యాయమే. కానీ ఒక్కటి ఆలోచించు. రంగు కనిపించని మనిషిని రంగు గదిలో దాచడం తప్పు కాదా? ఒక్క తప్పు డబ్బా వెళ్ళి ఉంటే మీ ఐదుగురి ఉద్యోగాలూ పోయేవి. ఎవరో ఒకరు చెప్పాల్సిందే కదా. బహుమతి ఆలోచన మాత్రం నాదే. నీ పేరు పైదాకా వెళ్తే నీకూ ఒక అంతస్తు ఎక్కే దారి దొరుకుతుందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

జవాబు రాయి. తిడుతూ అయినా రాయి.

నీ వదిన


హెడ్డాఫీసు, నాలుగో అంతస్తు

అమ్మాయ్,

నా ఉత్తరానికి జవాబు రాలేదు. పోస్టులో పోయిందని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

పోయిన నెల మీ ఫ్యాక్టరీ అంతటా తృప్తి సర్వే చేశాం. మీ గదిలో నలుగురూ అన్ని ప్రశ్నలకీ "చాలా బాగుంది" అని పెట్టారు. ఇన్‌ఛార్జి ఎలా ఉన్నాడు, చాలా బాగుంది. మార్కుల పద్ధతి, చాలా బాగుంది. చూసి నా గుండెల్లో బరువు దిగింది. వాళ్ళు సర్దుకున్నారు, నువ్వూ సర్దుకుంటావనుకున్నాను. మేడమ్ ఆ సర్వేని పెద్ద తెరమీద చూపించింది.

ఈ వారం మీ గదినుంచి మూడు రాజీనామాలు వచ్చాయి. పొడుగమ్మాయి అందులో ఉంది. ఆమె పంపిన నీలం ఒకటి ఒక ఆస్పత్రి గోడలన్నిటికీ వేశాక తప్పని తేలిందట, మొత్తం గీకి మళ్ళీ వేయిస్తున్నారు. మేడమ్ నన్ను పిలిచి, అంత తృప్తిగా ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్తున్నారని అడిగింది. ఈ నెలాఖరుకల్లా జవాబు తెమ్మంది. లేకపోతే ఏమవుతుందో చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

నువ్వైనా ఉండు. నిన్ను రంగు గదికి ఇన్‌ఛార్జిని చేస్తామంటున్నారు. పుల్లల పద్ధతి మళ్ళీ పెట్టుకోమంటున్నారు, కావాలంటే రూలుగా రాసి గోడకి తగిలిస్తారట. నువ్వు పిలిస్తే మిగతావాళ్ళూ వెనక్కొస్తారు. వాళ్ళు ఎందుకు వెళ్తున్నారో కూడా రాయి. ఈసారి ఒక్క ముక్క బయటికి పోదు, నమ్ము.

నీ వదిన


క్వార్టర్స్, గుమ్మం మెట్టు మీద

వదినగారికి,

మీ ఉత్తరాలు రెండూ అందాయి. పోస్టులో ఏదీ పోలేదు.

మొదటిది అందిన రోజే బాబాయి ఇంటికెళ్ళాను. అంతకుముందు రెండుసార్లు వీధి మలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పిన్ని గుమ్మంలో నిలబడి, "నువ్వు కూర్చోవడానికి చోటు లేదమ్మా, కుర్చీలు కట్టేశాం" అంది. లోపల బాబాయి అట్టపెట్టెకి తాడు బిగిస్తున్నాడు. నేను ఏడుస్తూ, వదినకి చెప్పాను బాబాయీ, కంపెనీకి చెప్పలేదు అన్నాను. ఆయన తాడు వదల్లేదు. "నువ్వు చెప్పావని కోపం లేదమ్మా. మనసులో మాట ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా ఎవరుంటారు. పరీక్ష పెట్టకుండా నన్నే పిలిచి అడిగితే నిజం చెప్పేవాణ్ణి. అందరి ముందూ బిళ్ళలు పోశారే, అదే మింగలేకపోతున్నాను" అన్నాడు. ఆ పెట్టె బండిలోకి ఎక్కించడానికి నేనో చెయ్యి వెయ్యబోతే పిన్ని నా చెయ్యి పక్కకి తీసింది. వాళ్ళిప్పుడు పిన్ని చెల్లెలి ఇంట్లో ఒక గదిలో ఉంటున్నారు.

దాచడం తప్పు కాదా అన్నారు. కావచ్చు. ఆ మాట నాతో అని ఉంటే నేనే ఆయనతో మాట్లాడేదాన్ని. గోదాములోనో లెక్కల్లోనో ఆయనకింత పని చూసిపెట్టమని మీరే అడగగలిగేవాళ్ళు, ఆ విభాగంలో కూర్చున్నది అందుకే కదా. మీరు తప్పుని సరిదిద్దలేదు వదినగారూ. దాన్ని అమ్ముకుని కిటికీ కొనుక్కున్నారు.

ఆ ఆస్పత్రి నీలం సంగతి చెప్తాను. ఆరోజు పొడుగమ్మాయి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ డబ్బా ముందు చాలాసేపు కూర్చుంది. అది తేడాగా ఉందని నా బల్ల దగ్గర్నుంచే నాకు తెలుస్తోంది. నేను లేవలేదు. కోతకి భయపడి కాదు. నేను ముట్టుకుంటే ఆ పిల్ల ఒప్పుకోదు. నేను దగ్గరికెళ్తే ఇప్పుడు మా గదిలో మాటలు ఆగిపోతాయి. ఆ డబ్బా అలాగే వెళ్ళిపోయింది.

సర్వేలో అన్నీ చాలా బాగుందని ఎందుకు పెట్టామో మీకు ఇంకా అర్థం కాలేదా? నిజం చెబితే ఏమవుతుందో మా గది ఒకసారి చూసింది. మీ మేడమ్‌కి జవాబు కావాలంటే ఇదే చెప్పండి, ఇది దాచమని అడగను. పుల్లని రూలుగా గోడకి తగిలిస్తారట. తగిలించుకోండి. ఆ గదిలో రేపు కొత్తవాళ్ళు ఉంటారు, వాళ్ళు రూలు ప్రకారం ఒకరి డబ్బా ఒకరు చూస్తారు, రూలు ప్రకారమే తప్పులు పట్టుకుని పైకి పంపిస్తారు.

నాలుగో రాజీనామా నాది. పొద్దున ఇచ్చాను. ఎక్కడికి వెళ్తున్నానో రాయడం లేదు. ఇన్‌ఛార్జి పదవి ఇస్తామన్నందుకు కృతజ్ఞతలు చెప్పమని మా ఇన్‌ఛార్జే నాకు సలహా ఇచ్చాడు, పాపం నాకిస్తామన్నది అతని సీటేనని అతనికి తెలిసినట్టు లేదు.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. షాపు బాగా నడుస్తోందని చెప్పాడు. నేను విన్నాను. మనిషి చిక్కిపోయాడు. వెళ్ళేటప్పుడు, "మీ వదినతో మాట్లాడటం లేదట, ఏమైంది?" అని అడిగాడు. నా నోటిదాకా వచ్చింది. చెబితే నా కడుపుమంట కొంత చల్లారేది, వాడు నావైపే నిలబడేవాడు. "ఏమీ లేదురా, పని ఎక్కువగా ఉంది" అన్నాను. మీరు చెప్పొద్దన్నారు, నేను చెప్పలేదు. ఇకమీదా చెప్పను.

మీ ఇంటికి వస్తాను. అన్నయ్య ముందు వదినా అనే పిలుస్తాను, నువ్వు అనే అంటాను, వాడికి అనుమానం రానివ్వను. మీరు వడ్డిస్తే తింటాను. ఎలా ఉన్నావని మీరు అడుగుతారు. బాగున్నాను అంటాను. ఒంట్లో బాగోకపోయినా, పని దొరక్కపోయినా, ఏం జరిగినా, బ్రతికున్నన్నాళ్ళూ మీకు చాలా బాగున్నాననే చెప్తాను.